కూర్చున్నందుకు సంజాయిషీ

మొన్న దాలమ్మ రిటైరైన రోజున యూనియన్ వాళ్ళు సభ పెట్టి, శాలువా కప్పి, ప్రశంసాపత్రం చదివారు. అందులో ఆవిణ్ణి ‘ఎనభై ఎనిమిదిలో నర్సుల కూర్చునే హక్కు కోసం పోరాడి గెలిచిన వీరనారి’ అన్నారు. వీరనారి వేదిక మీద ఉక్క భరించలేక ఆ శాలువానే మడిచి విసురుకుంటోంది. నేను రెండో వరసలో తల వంచుకుని కూర్చున్నాను. ఆ పోరాటం సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళలో ఆవిడ కాక మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వాక్యంలో నిజమైన మాట ‘ఎనభై ఎనిమిది’ మాత్రమే.

నా పేరు పట్టాభి. విజయనగరం నుంచి బీయే పట్టా పట్టుకుని కలకత్తా వచ్చి, ఖిదిర్‌పూర్‌లో ఓడరేవు కూలీల కోసం కట్టిన ఆసుపత్రిలో గుమస్తాగా చేరి, అక్కడే జుట్టు నెరిపించుకున్నాను. ఆసుపత్రి పేరెందుకులెండి. పొద్దున్న గుమస్తాని, మధ్యాహ్నం నుంచి యూనియన్ శాఖకి సహాయ కార్యదర్శిని. రెండు ఉద్యోగాలూ ఒకే కుర్చీలో, ఒకే కలంతో. ఆఫీసు తరఫున నోటీసు రాసేదీ నేనే, యూనియన్ తరఫున దాన్ని తీవ్రంగా ఖండించేదీ నేనే. నవ్వకండి, ఆ రోజుల్లో కలకత్తాలో అదేమీ వింత కాదు.

దాలమ్మ రేవు పక్కనే వాట్‌గంజ్‌లో, కూలీలు కాపురముండే లైన్లలో పుట్టింది. తండ్రి పేరు గురువులు, శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి వచ్చి, ఓడల్లోంచి బస్తాలు మోసి మోసి మెడ ఒక పక్కకి వాలిపోయిన మనిషి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ. తెలుగు చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కునేది గాని, తిట్టమంటే మూడు భాషల్లోనూ తడుముకునేది కాదు. ఆ లైన్లలోంచి నర్సు చదువు చదివిన మొదటి పిల్ల ఆవిడే. తెల్ల చీర కట్టుకుని మొదటిరోజు డ్యూటీకి బయల్దేరితే గురువులు ముందు నడుస్తూ, ఎవరూ అడక్కపోయినా “మా గుంట డాక్టరీ సేస్తంది” అని దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాడు. ఆసుపత్రిలో బెంగాలీ నర్సులకి దాలమ్మ అనడం నోరు తిరక్క ‘డాలీది’, అంటే డాలీ అక్క, చేసేశారు. ఆవిడ దానికీ పలికేది.

ఇక గళ్ళ సంగతి చెప్పాలి. నర్సులు ఏం పని చేస్తున్నారో కాగితం మీద కనబడాలని పైవాళ్ళకి ఒకసారి బుద్ధి పుట్టింది. రిజిస్టరు తయారుచెయ్యమని నాకు చెప్పారు. నేను స్కేలు పట్టుకుని మూడు రోజులు కూర్చుని గళ్ళు గీశాను. జ్వరం చూడడం, ఇంజెక్షను, మాత్ర, కట్టు, బెడ్‌పాన్, చిట్టచివర ‘ఇతర విషయాలు’. పని చేస్తే టిక్కు పెట్టాలి. ఆ గీతల తిన్నదనం చూసి మేట్రన్ చారుబాల దీదీ కూడా మెచ్చుకుంది. ఆవిడ మెప్పు అంటే మాటలు కాదు.

అరవై మంచాలకి ఇద్దరు నర్సులు. పాపం, వాళ్ళని ఏమనగలం? పరుగులే పరుగులు. టిక్కులన్నీ పూర్తయ్యాక కాస్త ఊపిరాడితే డ్యూటీ గదిలోకి పోయి టీ తాగేవారు, స్వెటర్లు అల్లుకునేవారు. అది ఎవరూ ఎక్కడా రాయరు కాబట్టి అది జరగనట్టే. దాలమ్మ మాత్రం మిగతావాళ్ళకి రెండింతలు పరుగెత్తి, అలా మిగిల్చిన అరగంటా చెక్క పీట ఒకటి ఈడ్చుకుపోయి ఎవరో ఒక రోగి పక్కన కూర్చునేది. అక్కడితో ఊరుకుంటే గొడవే లేదు. ‘ఇతర విషయాలు’ అన్న గడిలో రాసేది: ‘పన్నెండో మంచం దగ్గర కూర్చున్నాను. ముప్పై నిమిషాలు.’

“ఇదేమిటి దాలమ్మా, ఇలా రాశావు?” అన్నాను.

“ఏటి సేసినావో రాయమన్నారు గదా బాబూ. కూకున్నాను. రాసినాను.”

“కూర్చోవడం పనా?”

“మరేటి, ఆటా?”

ఆ పన్నెండో మంచం మీద ఒక బిహారీ పెద్దమనిషి ఉండేవాడు. రెండు రోజులుగా ఆయన గడులన్నీ టిక్కులతో కళకళలాడుతున్నాయి, ఆయన మాత్రం ఎండిపోతున్నాడు. డాక్టర్లు రక్తం తీశారు, ఎక్స్‌రే తీశారు. దాలమ్మ పక్కన కూర్చుని ఆయన ఊరి గేదెల గురించి అరగంట కబుర్లు చెప్పించాక అసలు సంగతి బయటపడింది. ఆడవాళ్ళని బెడ్‌పాన్ అడగడానికి సిగ్గేసి మహానుభావుడు నీళ్ళు తాగడమే మానేశాడు. ఆవిడ మగ వార్డుబాయ్‌ని ఏర్పాటు చేసింది, ఆయన రెండు చెంబులు తాగాడు, బతికాడు. దానికి నా రిజిస్టరులో గడి లేదు.

ఒక నెల చివర చారుబాల దీదీ రిజిస్టరు తిరగేసింది. పదకొండు చోట్ల ‘కూర్చున్నాను’ కనబడింది. ఆవిడ దుర్మార్గురాలు కాదు, నిబంధనల పుస్తకం చూసే చేసింది. డ్యూటీలో నర్సు కూర్చోకూడదని అందులో ఉంది. ‘పనివేళల్లో ఖాళీగా కూర్చున్నట్టు స్వయంగా ఒప్పుకున్నందున ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో సంజాయిషీ ఇవ్వవలసినది’ అని నోటీసు. టైపు కొట్టింది నేనే. తప్పుల్లేకుండా కొట్టాను.

మధ్యాహ్నం కాగానే యూనియన్ టోపీ పెట్టుకుని అదే నోటీసు పట్టుకుని బిమల్‌దా దగ్గరికి పరుగెత్తాను. బిమల్‌దా మా శాఖ నాయకుడు. మంచివాడు, నిజంగానే మంచివాడు. ఎవరైనా కష్టం చెప్పుకుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. పెట్టుకుంటూనే అందులోంచి ఎంత పొడుగు ఊరేగింపు వస్తుందో చూసుకునేవాడు. నోటీసు రెండుసార్లు చదివి బల్ల చరిచాడు.

“పొట్టాభి! బొషార్ ఒధికార్!” కూర్చునే హక్కు!

అంతే, వారం తిరక్కుండా గోడల నిండా ఎర్ర అక్షరాలు. గేటు దగ్గర సభ. నిలబడి నిలబడి నర్సుల కాళ్ళు వాచిపోతున్నాయి, ప్రతి వార్డుకీ రెండు స్టూళ్ళు ఇవ్వాలి, ఇవ్వకపోతే ‘చోల్‌బే నా, చోల్‌బే నా’, అంటే ‘సాగదు, సాగదు’. డాలీదికి పిచ్చి అని నవ్విన నర్సులే జెండాలు పట్టుకుని ముందు నడిచారు. మహాజోరుగా సాగింది. సంజాయిషీ కూడా నేనే రాశాను: ‘కాళ్ళ నొప్పులు భరించలేక కూర్చున్నాను.’ దాని కింద దాలమ్మ సంతకం ఒక్కటే తక్కువ.

“నాకు కాళ్ళ నొప్పి నేదు బాబూ,” అంది.

“లేకపోతే తెచ్చుకో! ఉద్యోగం పోతుందమ్మా తల్లీ! మీ నాన్నని ఎవరు చూస్తారు?”

“నాను అలిసిపోయి కూకోనేదు. రోగులు ఒక్కలే అయిపోకండా కూకున్నాను. అది రాయండి, సంతకం ఎట్టీస్తాను.”

“అది ఏ గడిలో రాయనూ?” అని అరిచాను.

“గల్లు గీసినోరు మీరే గదా. ఇంకోటి గీయండి,” అని నవ్వుతూ పోయింది.

ఒళ్ళు మండిపోయింది నాకు. పదిమంది ఆవిడ కోసం గొంతులు చించుకుంటుంటే ఈవిడగారికి కాళ్ళు నొప్పి పుట్టవట! మూడు వారాలు బతిమాలాం, బెదిరించాం. బిమల్‌దా ఉద్యమ చరిత్ర అంతా వినిపించాడు. ఆవిడ శ్రద్ధగా విని, “బాగుంది దాదా, గానీ నాకు నొప్పి నేదు” అంది.

అప్పుడు పద్నాలుగో మంచం మీదికి అప్పలసూరి వచ్చాడు.

నలభై ఏళ్ళు ఓడల మీద పనిచేసిన ముసలాయన. దాలమ్మ వాళ్ళ వైపు ఊరే. పెళ్ళాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు, కూలీలు అద్దెకుండే బాసాలో పదిమంది మధ్య ఒక చాప, ఒక రేకు పెట్టె. కాలేయం చెడి పొట్ట ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి. రోజుల్లో ఉన్నాడని డాక్టరు చెప్పేశాడు. బెంగాలీ, హిందీ, భోజ్‌పురి గడగడా మాట్లాడినవాడే. జ్వరం పెరిగేకొద్దీ ఒక్కో భాషా జారిపోయి చివరికి ఊరి మాట ఒక్కటే మిగిలింది. నోరు మాత్రం మహా చెడ్డది. గంజి తెచ్చిన ఆయాని వంశంతో సహా తిట్టేవాడు, అదృష్టవశాత్తూ ఆమెకి ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అటువంటి మనిషికీ ఒకటే భయం. ఎవరూ లేకుండా పోతానేమోనని.

“నాను పోయినప్పుడు నువ్వుంటావేటే?” అని దాలమ్మని అడగడం నేను విన్నాను.

“ఉంటాను తాతా.”

“నిజింగానా, యూనియనోల్ల మాటా?”

“నిజింగానే.”

నేను పక్కనే ఉన్నానని ఇద్దరికీ తెలుసు.

దాలమ్మ నోటీసు మీద విచారణ ఒక శుక్రవారం పదకొండు గంటలకి పెట్టారు. ఆ పొద్దున్నే అప్పలసూరి ఊపిరి మారింది. దాలమ్మ చారుబాల దీదీ దగ్గరికి పోయి రేపటికి వాయిదా వెయ్యమని అడిగింది. దీదీ పుస్తకం తీసి ఓపిగ్గా వెతికి, రోగి చనిపోతూ ఉండడం వాయిదాకి కారణంగా ఎక్కడా లేదని చెప్పింది. హాజరు కాకపోతే ఆవిడ లేకుండానే తీర్పు ఇచ్చేస్తారు, ఉద్యోగం పోతుంది. రోగి పక్కన ఎందుకు కూర్చున్నావో చెప్పడానికి, రోగి పక్కనుంచి లేచి రమ్మన్నారన్నమాట.

దాలమ్మ తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ ముఖం అలా పాలిపోగా నేను ఎప్పుడూ చూడలేదు.

“బాబూ, మీరొచ్చి తాత దగ్గిర కూకోండి.”

“నేనా? ఎవరైనా నర్సుని పెట్టు.”

“ఆలకి ఈ తాత మాట తెల్దు. మీకు తెలుసు. ఏటీ సెయ్యక్కర్నేదు. నానొచ్చీదాకా లేవకండి, అంతే.”

సరే, అదెంత పని అనుకున్నాను. పీట మీద కూర్చున్నాను. మొదటి అయిదు నిమిషాలు బాగానే గడిచాయి. ఆరో నిమిషం నుంచి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చార్టు చదివాను. దుప్పటి సర్దాను. ఫైలు ఒకటి తెచ్చుకోవలసిందనుకున్నాను. పైన ఫ్యాను కరెంటు లేక ఆగిపోయింది. ముసలాయన ఊపిరి వినబడుతోంది. అది ఆగితే నా గుండె ఆగుతోంది, మళ్ళీ మొదలైతే నాకు చెమట పడుతోంది. ఈ పని ఆవిడ ఒక్క నెలలో పదకొండుసార్లు చేసిందా! గడులు గీసినప్పుడు ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నవ్వి ఉండేవాణ్ణి.

అప్పలసూరి కళ్ళు తెరిచాడు.

“ఎవులు?”

“నేను తాతా, ఆఫీసు పట్టాభిని.”

“దాలేదీ?”

“వస్తుంది. అందాకా నేనున్నాను.”

నన్ను పైనుంచి కిందికి చూశాడు. “నీకు సేతనవునా?”

“కూర్చోవడమేగా.”

నవ్వాడో దగ్గాడో తెలియదు. కాసేపు ఆయాసపడి చెప్పాడు. “నాను ఓడమీద సిగ్నలోణ్ణి. ఓడ కడుపులో మనుసులుంటారు, పైనించి కొక్కెం దిగతాది. మిసనోడికి ఆలు అగుపడరు, ఆలకి మిసనోడు అగుపడడు. మద్దిన నానొక్కణ్ణే. నాను సెయ్యెత్తితే ఆగాల, ఊపితే దిగాల. కిందోడు బుర్రెత్తి సూస్తే అంచుమీద నాను అగుపడాల. అగుపడితే ఆడు పన్సేసుకుంటాడు. నేకపోతే ఆడికి కాలూ సెయ్యీ ఆడవు. ఉచ్చకి కూడా ఎల్లీవోణ్ణి కాదు బాబూ, తెలుసా?”

“తెలిసింది తాతా.”

“ఆఁ,” అని కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి నెమ్మదించింది. నిద్రపోయాడనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన ఆయన చెయ్యి పట్టుకున్నాను కూడా.

అంతలో ఆవరణకి అటువైపు ఆఫీసు భవనంలోంచి ‘జిందాబాద్’ వినబడింది. ఒక నర్సు పరుగెత్తుకుంటూ వచ్చింది.

“పొట్టాభిదా! గెలిచాం! డాలీది సంతకం పెట్టేసింది! కాగితం మీద సాక్షిగా మీ సంతకం కూడా కావాలట, రండి రండి!”

మూడు వారాలు మా అందరి చేతా మూడు చెరువుల నీళ్ళు తాగించిన మనిషి పది నిమిషాల్లో ఎలా దిగివచ్చింది? ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మొత్తానికి బుద్ధి వచ్చింది అనుకున్నాను. ముసలాయన వైపు చూశాను. నిద్రలోనే ఉన్నాడు. ఆవరణ దాటి పోయి రావడానికి రెండు నిమిషాలు. చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచాను.

ఆఫీసు గది నిండా జనం. చారుబాల దీదీ కూడా నవ్వుతోంది. రోగి పక్కన కూర్చోవడమనేది జరగలేదని, కాళ్ళ నొప్పి వల్ల విశ్రాంతి మాత్రమే జరిగిందని, అందుచేత అభియోగం కొట్టేశామని, వార్డుకి రెండు స్టూళ్ళు మంజూరు చేశామని కాగితం. ఆ స్టూళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, ఎవరూ ఎత్తుకుపోకుండా డ్యూటీ గది బల్లలకి గొలుసులతో కట్టి. మంచాల దాకా రావు. బిమల్‌దా నన్ను కౌగలించుకున్నాడు. ఎవరో నా చేతిలో సందేశ్ మిఠాయి పెట్టారు. తిన్నాను. బాగుంది. ఇంకోటి పెట్టారు. బిమల్‌దా ప్రసంగం మొదలుపెట్టాడు. నాయకుడు మాట్లాడుతుంటే సహాయ కార్యదర్శి మధ్యలో లేచిపోతే బాగుంటుందా? నిలబడి విన్నాను. చప్పట్లు కూడా కొట్టాను.

ప్రసంగం అయ్యాక జనం పక్కకి తప్పుకుంటే బల్లకి అటువైపు దాలమ్మ కనబడింది. మెడలో దండ, చేతిలో కలం. కాగితం పూర్తి కాకుండా ఆవిణ్ణి బయటికి పోనిచ్చేది లేదన్నారట. పూర్తి కావడానికి తక్కువైనది నా సంతకమే. అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ ఎందుకు సంతకం పెట్టిందో. బేగి వార్డుకి పోవడానికి పెట్టింది. లేని నొప్పి ఉందని ఒప్పేసుకుంది.

ఆవిడ నన్ను చూసింది.

“మీరిక్కడున్నారేటి బాబూ?”

“పడుకున్నాడు... రెండు నిమిషాలని...”

దండ తీసి బల్ల మీద పడేసి పరుగెత్తింది. నేను వెంటనే పరుగెత్తానని చెప్పుకోవాలని ఉంది. కాని ముందు సంతకం పెట్టాను. పెట్టి, తారీఖు వేసి, అప్పుడు పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికి దాలమ్మ ముసలాయన కళ్ళు మూసి, గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు మూస్తోంది. ఆయన కుడిచెయ్యి మంచం అంచు దాటి నేను కూర్చున్న వైపుకి వేలాడుతోంది. వార్డులో ఒక్క నర్సు లేదు, అందరూ విజయోత్సవంలో ఉన్నారు. పదిహేనో మంచం మీద బడ్జ్ బడ్జ్ ఊరి జనపనార మిల్లు మనిషి, హరిపద బాబు, విరిగిన కాలికి బరువులు కట్టించుకుని కదలలేక పడి ఉన్నాడు. నన్ను చూడగానే ఏడ్చినంత పని చేసి బెంగాలీలో చెప్పుకొచ్చాడు.

“దాదా, ఆయన పిలిచాడు. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. చాలాసార్లు. నేను సిస్టర్, సిస్టర్ అని అరిచాను, ఎవరూ రాలేదు. ఏం కావాలో నాకు తెలియలేదు. ‘ఎవులున్నారు, ఎవులున్నారు’ అన్నాడు. ఇలాగే అన్నాడు. దానర్థం ఏమిటి దాదా? మీ భాషే కదా. నేను చెయ్యగలిగింది ఏదైనా అడిగాడా?”

నోరు తెరిచాను. దాలమ్మ నా ముఖం వంక ఒక్కసారి చూసి, నా బదులు తనే బెంగాలీలో జవాబు చెప్పింది.

“ఏమీ అడగలేదు దాదా. అది మా ఊరి దేవుడి పేరు. దేవుణ్ణి తలుచుకున్నాడు.”

హరిపద బాబు “ఆహా” అని రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాడు. అప్పలసూరి ఏ దేవుణ్ణీ పిలవలేదు. నన్ను పిలిచాడు. నేను అప్పుడు రెండో సందేశ్ తింటున్నాను.